తడవని మిషన్

వానను కొలిచే మిషన్ తుడవాలి, లెక్కలు దించుకోవాలి, "మైపాడుకు ముఖం చాటేసిన ఈశాన్య రుతుపవనాలు" అన్న నా పరిశోధనా పత్రం సాయంత్రంలోగా పంపాలి. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. ఆ గర్వంతోనే మైపాడులో మిషన్ పెట్టిన పిన్ని మిద్దె ఎక్కాను.

మిషన్ మీద ప్లాస్టిక్ టబ్బు బోర్లించి ఉంది.

"ఇదేంది పిన్నీ?"

"మబ్బు పట్టింది గదరా శివా! తడిస్తే నీ మిషన్ పాడైపోదా?"

"వాన వచ్చినప్పుడల్లా మూసినావా?"

"ఒక్క చుక్క పడనిస్తేనా! దీన్ని మూసినాకే ఎండుచేపల కాడికి పోయేదాన్ని. రెండు గంపలు తడిసి పురుగు పట్టినాయి, పోనీలే."

ఆ మిషన్ దేనికో ఆమెకు చెప్పాలని ఈ శాస్త్రవేత్తకు తోచనే లేదు.

టబ్బు తీసేసి, టార్పాలిన్ పట్ట పట్టుకుని చేపల దగ్గరికి పరుగెత్తాను.

మీరెక్కడైనా వాన లెక్కలు చదివితే, తన చేపలు తడుపుకుని నా మిషన్ కాపాడిన వనజాక్షి పిన్నిని ఒకసారి తలుచుకోండి.