ఐదో గడిలోని ముఖం

ఆమోసు పోయాడని తెలిసిన బుధవారం నాడే కామిక్ ఆగిపోయింది. ఐదు పేజీలు పూర్తయ్యాయి. ఆరోది, ఆఖరిది, మిగిలింది.

కథ రాసింది ఆమోసు, బొమ్మలు కృష్ణప్రసాద్‌వి. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో చరిత్రలో పీజీ చేస్తూ కృష్ణప్రసాద్ వాళ్ల ఎదురు ఫ్లాట్‌లో ఉండేవాడు. రూమ్మేట్లు క్రిస్మస్‌కు డబ్లిన్‌లో స్నేహితుల దగ్గరకు వెళ్లి, లాక్‌డౌన్‌లో అక్కడే ఉండిపోయారు. జనవరిలో అతనొక్కడే మిగిలాడు. ఫోన్ ఎత్తడం లేదని రూమ్మేట్లు చెబితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, వచ్చి తలుపు తెరిచారు. కోవిడ్ అన్నారు. ఇరవై నాలుగేళ్లు.

నెల గడిచింది. వచ్చే ఆదివారం ఊళ్లోని తెలుగువాళ్లు జూమ్‌లో సంతాప సభ పెట్టుకున్నారు. పిల్లల పత్రిక కోసం ఆమోసు రాసిన ఆ కామిక్‌ను ఆ సభలోనే చూపించాలి. ఒంగోలు నుంచి వాళ్లమ్మ విజయరాణి చూస్తుంది.

కృష్ణప్రసాద్ బల్ల ముందు కూర్చున్నాడు. పేజీలో ఆరు గడులు. ముందు నీలం పెన్సిల్‌తో లేతగా గీస్తాడు, అది స్కానర్‌కు కనబడదు. తర్వాత ఇంకు. మాటల బుడగలు కాస్త ఎత్తుగా వదులుతాడు, తెలుగు ఒత్తులకు చోటు కావాలి కదా.

కథలో కోట చుట్టూ శత్రువులు. కబురు మోసుకుపోయిన వేగులవాడు దెబ్బలు తిని తెల్లవారుతుండగా తిరిగొచ్చి, కోటగోడలోని చిన్న తలుపు కొడతాడు. లోపలి కాపలావాడు గడియ మీద చెయ్యి వేస్తాడు. తీయడు. అంతే కథ.

ఐదో గడిలో కాపలావాడి ముఖం, గడియ మీద చెయ్యి. దానికి ఆమోసు స్క్రిప్టులో రాసింది ఒక్క ముక్క: "రాక్షసుడిలా వద్దు, అన్నా. మామూలు మనిషి."

ఇప్పటికి తొమ్మిది ముఖాలు చింపాడు. ఒకడికి తడి పెదాలు, ఒకడికి పందికళ్లు. చేతులకు రాసుకున్న శానిటైజర్ వాసన కాగితాలకు కూడా పట్టింది. పదోవాడి గడ్డం కింద కొవ్వు మడత గీస్తూ మధ్యలో లేచి కిటికీ తీశాడు.

హాసిని వచ్చి భుజం మీంచి తొంగిచూసింది. పదేళ్లది. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం రాదు.

"ఈజ్ హీ ద బ్యాడీ, నాన్నా?"

"అవును."

"బట్ హీ లుక్స్ గ్రాండ్, లైక్, జస్ట్ నార్మల్. డిడ్ హీ నాట్ హియర్ ద నాకింగ్?"

"విన్నాడు."

"దెన్ వై..."

"వెళ్లి హోంవర్క్ చేసుకో."

భార్య వర్షిత టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. బొమ్మ చూసి నవ్వింది. "అచ్చం మా మేనేజర్‌లా ఉన్నాడండీ. లీవ్ అడిగినప్పుడు ఇదే ముఖం."

కృష్ణప్రసాద్ నవ్వలేదు. టీ మీద మీగడ కట్టింది. వేలితో తీసి పడేసి చెయ్యి తుడుచుకున్నాడు.

"పిల్లలు చదివేది కదా," అంది వర్షిత. "పాపం నిద్రపట్టేసిందని పెట్టెయ్యండి. కళ్లు మూసేస్తే మీకూ పని తప్పుతుంది."

"వాడు నిద్రపోలేదు."

"కథే కదండీ!"

"నిద్రపోలేదన్నానా? మేలుకునే ఉన్నాడు. కళ్లు తెరుచుకుని, చెవులు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. వాడికి నిద్ర సాకు ఎందుకు?"

వర్షిత అతని కేసి చూసింది. "సరే. చనిపోయినవాడు రాసింది మార్చనంటారు, అంతేగా. దానికి నామీద అరవడమెందుకు?"

అప్పుడే ఫోన్ మోగింది. విజయరాణి. వర్షిత స్పీకర్ పెట్టింది.

"బాబూ, మావాడి పుస్తకం పని అవుతోందా?"

"ఆదివారానికి అయిపోతుందమ్మా."

"ఒక్క మాట అడగొచ్చా? పోయినసారి కూడా అడిగాను. విసుక్కోవద్దు."

"అడగండి."

"చివర్లో మావాడు ఎవర్నీ పిలవలేదా?"

కృష్ణప్రసాద్ పెన్సిల్ చెక్కుతున్నాడు. వర్షితే జవాబిచ్చింది. "మేం ఎదురుగానే ఉన్నాం ఆంటీ. అలికిడి కూడా లేదు. నేనైతే పొద్దస్తమానం హెడ్‌సెట్‌లో ఉంటాను, ఈయన ఇక్కడే హాల్లో కూర్చుని పనిచేస్తారు. తెలిస్తే ఊరుకుంటామా?"

"మిమ్మల్ని అనట్లేదు తల్లీ. మీరు పండక్కి బిరియానీ పంపిన సంగతి వాడే చెప్పాడు. వాడు పోయే ముందు శనివారం నేనే వాణ్ణి తిట్టాను. చదువు పూర్తయ్యేదాకా నాకు ఫోన్ చెయ్యకురా అన్నాను. ఆ కోపంతోనే ఎవర్నీ పిలవకుండా పడుకుండిపోయాడేమోనని. బతకాలనే లేకపోయిందేమోనని. పిలిచాడు, ఎవరూ పలకలేదు అన్నా నాకు నిమ్మళమే. పిలవలేదంటేనే తట్టుకోలేకపోతున్నాను."

"అలా అనుకోకండి ఆంటీ," అంది వర్షిత.

"బాబూ, నువ్వేమంటావు?"

పెన్సిల్ ములుకు విరిగింది.

"ఆదివారం చూద్దురుగానమ్మా," అన్నాడు కృష్ణప్రసాద్.

ఫోన్ పెట్టేశాక వర్షిత కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. అతను కొత్త కాగితం తీసుకున్నాడు. ఈసారి చింపలేదు. మామూలు కళ్లు, మామూలు ముక్కు, రెండు రోజుల గడ్డం. గడియ మీద శుభ్రంగా కడిగిన చెయ్యి. ఇంకు పెట్టాడు. ఆరో గడిలో వేగులవాడి వీపు, ఖాళీ దారి. సాయంత్రానికి పేజీ అయిపోయింది.

ఆ బుధవారానికి ముందు సోమవారం పొద్దున ఆమోసు వచ్చి తమ తలుపు తడితే తాను తీయలేదన్న మాట అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.