శాలువా కింద వేళ్ళు

"తువ్వాలు కింద వేళ్ళు పిసుక్కునేటోళ్ళ పిల్లకు ఇంగ్లీషు పోటీ యాలప్పా?" అన్నాడు లక్ష్మీకాంత్ సారు, పెనుకొండ బడి వరండాలో అందరికీ వినబడేట్టు.

సలాం గొర్రెల బేరగాడు. చిలమత్తూరు, కదిరి, తనకల్లు, సంత ఎక్కడుంటే ఆ పూట అక్కడుంటాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకున్నాడు. పక్కన ఆరో తరగతి చదివే కూతురు ఆలియా నిలబడి ఉంది.

"గెలిచినోళ్ళకు హిందూపురం హాస్టల్లో సీటంట కదా సార్. అది రాకుంటే పాపను బడి మాన్పించాల్సిందే. నేను వారమంతా సంతలెంబడి తిరుగుతాంటా. ఇంట్లో ఒంటిగా ఇడిచిపెట్టి యాడికి పోయేది?"

"మాన్పించు. గొర్రెలు ఇంగ్లీషులో అరుస్తాయా?"

సారు జేబులో మూడు పెన్నులుంటాయి. ఇంగ్లీషు చెప్పడానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదని ఆయన నమ్మకం.

"ఏమ్మే, సబ్జెక్టు ఏదో వర్బు ఏదో ఎట్ల కనుక్కుంటావు?" అని ఆలియాను అడిగాడు.

"పని ఎవురు చేస్తాండారో చూస్తా సార్, అది సబ్జెక్టు. ఏం పని చేస్తాండారో చూస్తా, అది వర్బు."

సారు కడుపు పట్టుకుని నవ్వాడు. "చూస్తాదంట! పొట్టేలు పళ్ళు చూసినట్ల చూస్తాదంట! చూసేదానికి ఏముండాది? గైడు చివర్లో జవాబులు ఉండాయి, బట్టీ కొట్టాల. మా బాలాజీని చూడు, గైడంతా మింగేసినాడు."

బాలాజీ బడి యజమాని కొడుకు. వాడు కప్పు తెస్తే సారు వచ్చే ఏడాదికి హెడ్‌మాస్టరు. కానీ ఒక్కో బడి నుంచి ఇద్దరు రావాలని, అందులో ఒకరు ఆడపిల్ల కావాలని పోటీ వాళ్ళు పెట్టారు. పరీక్షల్లో ఆలియాకు వచ్చినన్ని మార్కులు వేరే ఏ ఆడపిల్లకూ రాలేదు. సారుకు తప్పలేదు.

"సరే, వస్తే రానీ. నోరు మూసుకోని ఒక మూల కూసోవాల," అని, వెళ్ళబోతూ ఆగాడు. "అయినా ఆ తువ్వాలు కింద ఏం చేసి చస్తారప్పా మీరు?"

సలాం మొహం విప్పారింది. సారు చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పాడు. "ఇట్ల ఒక వేలు పట్టుకుంటే ఒకటి సార్. రెండు పట్టుకుంటే రెండు. చెయ్యంతా పట్టుకుంటే ఐదు. చుట్టూ నూరు మంది నిలబడినా రేటు మా ఇద్దురికే తెలుస్తాది. మా పాప మటుకు తువ్వాలు కదిలేది చూసే చెప్పేస్తాది!"

కూతురి గొప్ప సారు చెవికెక్కలేదు. ఆయన అప్పటికే చెయ్యి లాక్కుని జేబురుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు.

పోటీ ధర్మవరంలో, ఒక కల్యాణమండపంలో. జడ్జి నీలావతి మేడమ్, రిటైరైన పంతులమ్మ. వచ్చినందుకు గౌరవంగా టీచర్లందరికీ ముందే శాలువాలు కప్పారు. పిల్లలు ఒకరిది ఒకరు చూసి రాయకుండా మధ్యలో వాళ్ళ టీచరును కూర్చోబెట్టారు. ఆ శాలువాను అందరూ మడిచి పక్కన పెడితే లక్ష్మీకాంత్ సారు మాత్రం ఒడి నిండా పరుచుకున్నాడు. బాలాజీ ఎడమ చెయ్యి దాని కిందికి పోయింది.

బోర్డు మీద పది వాక్యాలు. ప్రతి పదానికీ ఒక నంబరు. వర్బు ఏదో దాని నంబరు రాయాలి. మొదటి వాక్యం, "మై నాటీ లిటిల్ బ్రదర్ బ్రోక్ ది పాట్." సారుకు చెమట పట్టింది. అది గైడులోది కాదు. రెండోదీ కాదు. ఏ ఒక్కటీ కాదు. అయినా సారు కదా, తెలియదని ఒప్పుకుంటాడా? శాలువా కింద బాలాజీ వేళ్ళు పట్టుకుంటూనే పోయాడు.

అవతల పక్క ఆలియా, ప్రతి వాక్యానికీ ఒకసారి బోర్డు వైపు, ఒకసారి సారు ఒడి వైపు చూసి రాసుకుంటోంది. సారు పళ్ళు కొరికాడు.

కాగితాలు దిద్దడం అయింది. నీలావతి మేడమ్ లేచి నిలబడింది.

"పదికి పది. ఆలియా, పెనుకొండ. హిందూపురం సీటు ఈ పాపదే."

వెనక వరసలో సలాం తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"కాపీ!" లక్ష్మీకాంత్ సారు ఎగిరి నిలబడ్డాడు. "ఈ పిల్ల కాపీ కొట్టింది మేడమ్! సీటు రద్దు చెయ్యండి!"

"ఎవరిది చూసి? పక్కన ఉన్నది మీరే కదా?"

"నాదే మేడమ్! పదిసార్లూ నా శాలువా వైపే చూసింది. గొర్రెల బేరగాడి కూతురు, శాలువా కింద నేను ఎన్ని వేళ్ళు పట్టుకుంటున్నానో అంతా..."

నోట్లోంచి మాట జారిపోయాక గానీ ఆయనకు తెలియలేదు. బాలాజీ ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. కదిరి టీచరొకాయన కిసుక్కున నవ్వాడు.

నీలావతి మేడమ్ కట్టలోంచి బాలాజీ కాగితం వెతికి తీసి పైకెత్తి చూపించింది. పదికి సున్నా.

"మరి మీది చూసి రాసి ఉంటే ఈ పాపకూ సున్నానే రావాల కదా సారూ?" అని, ఆలియా వైపు తిరిగింది. "భయపడొద్దమ్మా, నిజం చెప్పు. మీ సారు శాలువా వైపు చూసినావా, లేదా?"

ఆలియా తండ్రి వైపు ఒకసారి చూసి తల ఎత్తింది.

"చూసినా మేడమ్. సారు ఏ పదం పట్టుకుంటే దాన్ని ముందే కొట్టేసి, మిగిలిండేవాట్లో ఎతుక్కున్యా."