వ్యానులో ఓటు

హెస్టర్‌కు ఒళ్ళు మండిపోతోంది. చేపల వ్యాను నడుపుతున్నది తనే. వెనక పరుపు మీద దగ్గుతూ పడుకున్నది ఆమె తండ్రి విల్ఫ్రెడ్, వాళ్ళ రేవు పట్టణానికి పార్లమెంటు సభ్యుడు. కదిలితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పినా వినకుండా లండన్ బయల్దేరాడు.

యూరప్ కూటమి నుంచి బయటికి రావాలని జనం తీర్పు చెప్పి మూడేళ్ళయింది. దాన్ని అమలు చేసే బిల్లు మీద ఇవాళ ఆఖరి ఓటింగ్.

"గొర్రెలు! ఎవడో టీవీలో అరిస్తే నమ్మి ఓటేశారు. రేపు ఆ చేపలు ఎవడికి అమ్ముకుంటారట?" విల్ఫ్రెడ్ వెనక నుంచి అరిచాడు.

"ఆ గొర్రెల్లో నేనూ ఉన్నాను నాన్నా."

"తెలుసు. నా ఇంట చెడబుట్టావు."

"మమ్మల్ని అడిగారు, చెప్పాం. మధ్యలో మీ సభ్యుల పెత్తనం ఏంటి?"

"పార్లమెంటు సభ్యుడు చెయ్యాల్సిన పనే చేస్తాను. నువ్వు నాకు నేర్పక్కర్లేదు. తొందరగా పోనీ!"

ఆ మాటతో హెస్టర్‌కు మిగిలిన కాస్త జాలీ పోయింది.

జబ్బుపడ్డ సభ్యుడు సభలోకి నడిచి వెళ్ళనక్కర్లేదు. బండి పార్లమెంటు ఆవరణలోకి చేరితే చాలు. పార్టీ మనిషి వచ్చి, ప్రాణంతో ఉన్నాడని చూసుకుని, ఓటు లెక్కలో వేయిస్తాడు. కాకపోతే గంట మోగి తలుపులు మూసేలోపు చేరాలి.

వంతెన ఎక్కాల్సిన చోట హెస్టర్ ఎక్కలేదు. పక్క వీధిలోకి తిప్పింది. అక్కడ రోడ్డు తవ్వేసి ఉంది. వెనక్కి తిప్పి, ఓ కొట్టు ముందు ఆపి, టీ కొనుక్కుంది.

"ఇప్పుడు టీ ఏంటే, నీ మొహం!" అని తండ్రి దగ్గుతూనే తిట్టాడు. ఆమె ఊదుకుంటూ, నింపాదిగా తాగింది. ఊరంతటి మాటను ఈ ఒక్క ముసలాయన తొక్కేస్తానంటే, తన చేతులతో తీసుకెళ్ళి దింపాలా? ఎంత పొగరు!

ఆవరణలోకి చేరేసరికి పార్టీ మనిషి గైల్స్ ఎదురొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"అయిపోయింది సార్. ఓట్లు సరిసమానం. అలాంటప్పుడు స్పీకర్ వ్యతిరేకంగా వెయ్యడం ఆనవాయితీ కదా. బిల్లు పోయింది."

హెస్టర్ స్టీరింగు మీద గుద్దింది. "దొంగలు! మా నోట్లో మట్టి కొట్టారు! నాన్నా, నిన్ను కావాలనే ఆలస్యం చేశాను, తెలుసా? అయినా లాభం లేకపోయింది!"

విల్ఫ్రెడ్ మోచేతి మీద లేచాడు.

"నాకు ఎంత గిట్టకపోయినా, మీ వైపు ఓటు వెయ్యడానికే కదే, చచ్చేవాణ్ణి ఇంత దూరం వచ్చింది!"