రెండో చరణం

రోడ్డుకు అవతల బడిలో పిల్లలు మళ్ళీ అందుకున్నారు. గొర్రెల కాపరుల క్రిస్మస్ పాట.

ఉజోండు సైకిల్ ట్యూబును నీళ్ళతొట్టెలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. డిసెంబరు వచ్చిందంటే అతనికి ఇదే శిక్ష. ఎడారి మీంచి వచ్చే దుమ్ముగాలి, పగిలిన పెదాలు, ఈ పాట.

"తప్పు పాడుతున్నారు. అక్కడ స్వరం దించకూడదు, నిలబెట్టాలి," అన్నాడు బొంగురు గొంతుతో.

పక్కనే బొబ్బర్ల వడలు వేస్తున్న భార్య ఓలుచి మూకుడు మీంచి తల ఎత్తలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? పాడే పిల్లలకు లేదు, నేర్పే మేష్టారికి లేదు. నువ్వు పంక్చరు చూడు."

వడల కోసం తన బైకు టాక్సీ ఆపిన ఒకోలీ నవ్వాడు. "మొదలెట్టు అన్నా. ఈ ఏడు నీ చేమరసం కథ ఇంకా వినలేదు."

వెటకారమే. అయినా ఉజోండు మొదలెట్టాడు. ప్రతి ఏడూ మొదలెడతాడు.

"ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. ఆ బడిలోనే. మేష్టారు నల్లబల్ల మీద డో రే మీ స్వరాలు రాసి ఈ పాట నేర్పాడు. రెండో చరణం నేనొక్కణ్ణే, మూడోది అజుకా ఒక్కడే. వినడానికి పట్నం నుంచి ఫాదర్ వస్తున్నాడు. బాగా పాడినవాణ్ణి మిషన్ వాళ్ళ పెద్దబడికి తీసుకుపోతాడు. ఒక్కణ్ణే."

"ఊఁ."

"సాయంత్రం పాట. మధ్యాహ్నం బడి వెనక మామిడిచెట్టు కింద మేమిద్దరమే. తేనె, అల్లం కలిపిన నీళ్ళ సీసా. గొంతుకు మంచిదని పాడేవాళ్ళంతా తాగేదే. నువ్వు తాగు, నువ్వు తాగు అని అజుకాగాడు ఒకటే పోరు. తాగాను. అందులో పచ్చి చేమదుంప రసం! గొంతులో వెయ్యి సూదులు. నాలుక ఇంత లావు. నెల్లాళ్ళు గంజి కూడా దిగలేదు. వాడు నా చరణం, వాడి చరణం రెండూ పాడాడు. ఫాదర్ చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాడు. నేనిదిగో, ఇక్కడ."

ఎన్నిసార్లు చెప్పినా ఇంతే చెప్పాడు. ఒక్క మాట పెంచింది లేదు.

ఆ జనవరిలో బడి మానేశాడు. అజుకా ఎనుగు పట్నంలో సంగీతం ప్రొఫెసరయ్యాడు. రేడియోలో వాడి బృందం పాడితే ఉజోండు లేచి వెళ్ళి కట్టేసేవాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఒక్కసారి, నలుగురూ వింటుండగా, వాడి నోటితో వాడు ఒప్పుకోవాలి. అది వినకుండా చావనని పెళ్ళైన కొత్తలోనే ఓలుచికి చెప్పాడు. ఆమె నమ్మినట్టు తల ఊపింది. నమ్మలేదు.

"అదుగో, నూరేళ్ళు ఆయుష్షు," అంది ఓలుచి.

బడి గేటులోంచి నెరిసిన జుట్టు మనిషి ఒకడు రోడ్డు దాటి వస్తున్నాడు. చంకలో కల్లుసీసా.

"ఉజోండూ! గుర్తుపట్టావా?"

"రేడియో కట్టేసినా నీ గొంతు వినబడుతూనే ఉంటుందిలే, అజుకా. ఏం కావాలి?"

"రేపు పాత విద్యార్థులమంతా ఈ పాట పాడుతున్నాం. నువ్వు నా పక్కన నిలబడాలి. రెండో చరణం నీది."

"ఏ గొంతుతో?"

మూకుట్లో వడ మాడుతోంది.

అజుకా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఓలుచీ, నువ్వూ విను. తమ్ముడూ, నువ్వూ విను. ఆ రోజు తాగమని పట్టుబట్టింది నేనే. నేనా మాట అనకపోతే వీడి గొంతు వీడికుండేది. పెద్దబడికి వీడే పోయేవాడు. నేను సంపాదించిన పేరంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఏ పాట పాడబోయినా గుర్తొస్తుంది. నన్ను క్షమించరా."

ఒకోలీ నోట్లో వడ అలాగే ఉండిపోయింది. "అమ్మ బాబోయ్. అయితే నిజమేనా అన్నా!"

ఓలుచి చెంగుతో కళ్ళొత్తుకుంది. "ఇన్నేళ్ళూ నిన్ను వేళాకోళం చేశానయ్యా."

ముప్పై నాలుగేళ్ళు కాచుకుని కూర్చున్న మాట. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఉజోండుకు తెలియలేదు. అజుకా మొహంలోకి చూశాడు. ఎగతాళి ఉంటుందేమోనని వెతికాడు. లేదు. ఉన్నా బాగుండేది.

"ఇంకేం, కల్లు తాగాల్సిందే!" ఒకోలీ సీసా మీదికి చెయ్యి చాచాడు.

"ఆగు తమ్ముడూ. పద్ధతి పద్ధతే." అజుకా గ్లాసులోకి వంచి, నురగ ఊదాడు. "తెచ్చినవాడే ముందు తాగాలి. లోపల ఏముందో అవతలివాడికి తెలియొద్దూ?"

సగం తాగాడు. మూతి తుడుచుకుని, మిగతా సగం రెండు చేతులతో ఉజోండుకు అందించాడు.

అవతల ఎవరో పిల్లవాడు రెండో చరణం ఎత్తుకున్నాడు. సన్నటి గొంతు. ఎక్కడా బీట లేదు.

ఉజోండు గ్లాసు పుచ్చుకున్నాడు. నోట్లో పోసుకున్నాడు. గుక్క దిగలేదు.

ఆనాడు మామిడిచెట్టు కింద అజుకా పట్టుబట్టిందీ ఈ ఒక్క మాటమీదే, "తెచ్చినవాడే ముందు తాగాలిరా" అని. పచ్చి చేమ నూరి, పిండి, ఆ సీసా తెచ్చింది ఉజోండు.