నిద్రపట్టనాయన

పొద్దున్నే తలుపు దబదబా బాదిన చప్పుడు.

ఓనరమ్మ తలుపు తీసి, మనసులోనే నెత్తి కొట్టుకుంది. నిద్రపట్టనాయన!

ఆ పేరు ఆమె పెట్టిందే. వెనక వీధిలో ఆమెకున్న నాలుగు పోర్షన్ల ఇంట్లో, మేడ మీద ఒంటరిగా అద్దెకుంటాడు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఏదో పని.

"ఈసారి ఏమొచ్చిందండీ?"

"పక్క పోర్షన్లో కుళాయి కారుతోందమ్మా. రాత్రంతా టప్ టప్‌మని ఒకటే చప్పుడు. కంటిమీద కునుకు లేదు. కావాలంటే నా కళ్ళు చూడండి."

చూసింది. చింతనిప్పుల్లా ఉన్నాయి.

ప్లంబర్‌ని పంపక తప్పలేదు.

లోపల కూర్చున్న తమ్ముడు అంతా విన్నాడు. వెనక వీధిలో అతనికీ ఒక అద్దె ఇల్లుంది.

"గడ్డురోజులొస్తున్నాయక్కా. ఎక్కడ చూసినా ఉద్యోగాలు పీకేస్తున్నారు. ఇలాంటప్పుడు రిపేర్లేమిటి? నేనైతే అన్నీ ఆపేశా. నువ్వూ అద్దెలు పెంచి నాలుగు రాళ్ళు వెనకేసుకో."

తమ్ముడి మాటా కాదనలేనిదే. ఆమెకి ఆ అద్దెలు తప్ప వేరే ఆధారం లేదు. ఒక్క పోర్షన్ ఖాళీ అయినా వంటింట్లో డబ్బాలు ఖాళీ అవుతాయి.

కానీ ఆయన ఊరుకుంటేగా!

పై వారం మళ్ళీ అదే బాదుడు, అవే కళ్ళు.

"కింద డ్రైవరు వాళ్ళ గోడంతా చెమ్మేనమ్మా. పసివాడు రాత్రంతా దగ్గుతున్నాడు. ఇంక నాకు నిద్రెక్కడిది?"

గోడ బాగు చేయించింది.

ఆ తర్వాత పక్క పోర్షన్ టైలరు వంతు వచ్చింది.

"కుట్టుపనులు తగ్గాయట. అద్దె ఎలా కట్టాలా అని మొగుడూ పెళ్ళాం అర్ధరాత్రి దాకా ఒకటే గుసగుసలు. కొన్నాళ్ళు కాస్త తగ్గించండమ్మా, కంటినిండా నిద్రపోతా."

"మీ నిద్ర కోసం నేను అద్దె తగ్గించుకోవాలా?" అని గయ్యిమంది ఓనరమ్మ.

ఆయన కదల్లేదు. ఆ కళ్ళు చూడలేక, తిట్టుకుంటూనే తగ్గించింది.

గడ్డురోజులు రానే వచ్చాయి. వెనక వీధి పొడుగునా టులెట్ బోర్డులు వేలాడాయి, తమ్ముడి గేటుకి కూడా.

ఓనరమ్మ ఇంట్లోంచి మాత్రం ఎవరూ కదల్లేదు. డ్రైవరు భార్య ఎక్కడ కనిపించినా చెయ్యి పట్టుకుని పలకరించేది. ఓనరమ్మ బట్టలు కుట్టిపెట్టి, టైలరు డబ్బు పుచ్చుకోననేవాడు. ఆమెకి కడుపు నిండినట్టుండేది.

"ఏం మంత్రం వేశావక్కా?" అన్నాడు తమ్ముడు.

"ముందుచూపురా," అంది దర్జాగా.

ఒకరోజు నిద్రపట్టనాయన తాళంచెవి తెచ్చిచ్చాడు. వేరే ఊరి ఫ్యాక్టరీకి మార్చారట.

"ఇంక మీ తలుపుకి విశ్రాంతి అమ్మా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంటూ, సాయంత్రం పోర్షన్ చూసుకోవడానికి వెళ్ళింది.

వంటింట్లో టప్ టప్‌మని చప్పుడు. కుళాయికి గుడ్డపేలిక చుట్టి ఉంది. గోడ నిండా చెమ్మ.

ఓనరమ్మకి అంతు పట్టలేదు. ఊడవడానికి చీపురు పట్టుకుని వచ్చిన టైలరు భార్యని అడిగింది.

"పక్కింటి కుళాయికే నిద్ర పట్టని మనిషి, ఇంత చప్పుడులో ఎలా పడుకున్నాడమ్మా?"

"ఆయన రాత్రిపూట ఇక్కడెప్పుడు పడుకున్నారండీ! అడిగితే ఎక్కడ ఖాళీ చెయ్యమంటారోనని మేం భయపడుతుంటే, మా బాధలన్నీ తన నిద్ర మీద వేసుకుని, నైట్ డ్యూటీ దిగి నేరుగా మీ గుమ్మంలోకే వచ్చేవారు."