అన్నీ ఉన్నాయి

"వాన నీళ్ల పీపా పైకి ఎక్కించారా?"

"ఎక్కించామండీ. ఎదురింటివాళ్లు ఓ చెయ్యి వేశారు."

"కోళ్లు?"

"అవీ మేడ మీదే ఉన్నాయి. మీరు కంగారు పడకండి."

అబ్రహాము ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. హనుమాన్ జంక్షన్ బస్టాండులో జనం గోలకి భార్య గొంతు సరిగ్గా వినపడటం లేదు. నాటు బీర విత్తనాలు దొరుకుతాయంటే ముందురోజు ఇటు వచ్చి వానలో చిక్కుకున్నాడు. తెల్లారేసరికి బుడమేరు వాగు పొంగింది. బెజవాడ బస్సులు ఆగిపోయాయి. అక్కడ తమ కాలనీలో నీళ్లు కిటికీల దాకా వచ్చిన సంగతి టీకొట్టు టీవీలో చూశాడు.

"ఇది ఎవరి నెంబరు?"

"పక్కింటి జుబియాది. నా ఫోను తడిసిపోయింది. వాళ్లది రేకుల ఇల్లు కదా, అందరూ మన మేడ మీదకే వచ్చేశారు."

"లారీ ఏదన్నా పట్టుకుని వచ్చేస్తాను మాణిక్యం. కాలనీ మొదట్లో నడుము లోతేనంట. నడిచి వచ్చేయొచ్చు."

"వద్దు!" ఆమె అరిచినంత పని చేసింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఆపరేషనైన గుండెతో నీళ్లలో దిగుతారా? ఇక్కడ నాకేం తక్కువండీ? బజారు మూసేసినా మన ఇల్లు నడుస్తుందని మీరే అంటుంటారుగా."

అంటుంటాడు. గుండె ఆపరేషనయ్యాక ఆటోనగర్‌లో లేతు మిషను మీద పని మానేసి, ఆ పెరట్లోనే పడ్డాడు. తీగపందిళ్లు, కోళ్లగూడు, చూరు కింద వాన నీళ్ల పీపా, ఎండబెట్టిన వరుగులు, కుంకుడు రసంతో గిన్నెల సబ్బు. ఆదివారం ప్రార్థన అయ్యాక వీధిలో వాళ్లని కూర్చోబెట్టి నేర్పేవాడు. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత తమ ఇళ్లలో గోనెసంచుల్లో మట్టి నింపి ఆకుకూరలు వేశారు.

"పీపా నీళ్లు అలాగే తాగకండి. కుండలో ఇసక, బొగ్గు వేసి వడకట్టి, కాచుకోండి."

"అలాగే చేశాం."

"పొయ్యిలోకి?"

"కొబ్బరి డొక్కలు పట్టా కింద దాచాం, తడవలేదు. వంకాయ వరుగులు వండాను. గుడ్లు ఉడకబెట్టాను. అందరికీ సరిపోయి మిగిలింది కూడా."

అబ్రహాముకి ఏడుపొచ్చింది. తాను లేకపోయినా తన చేతి పని వాళ్లను కాస్తోంది. కానీ తాను మాత్రం ఇక్కడ ఎవరికీ పనికిరాకుండా నిలబడ్డాడు. ఆ రోజంతా ఏ లారీ ఆగలేదు. బస్టాండు బెంచీ మీదే పడుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఓ పాల వ్యానువాడు రామవరప్పాడు దాకా ఎక్కించుకున్నాడు. అక్కణ్ణించి నడిచి నీళ్ల అంచుకి చేరాడు. ఎదురుగా తన వీధికి వెళ్లే రోడ్డు లేదు. బురదరంగు నీళ్లు, వాటిలో కార్ల టాపులు. పోలీసులు తాడు కట్టి ఎవర్నీ దిగనివ్వటం లేదు. తాడు దాటబోతే ఒక కానిస్టేబులు రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

"పెద్దాయనా, అక్కడ మనిషి మునిగే లోతుంది. ఎక్కడికి పోతారు?"

"మా ఇంటికి బాబూ. మా ఆవిడ ఉంది."

అతనూ ఏం చెయ్యలేడు. అబ్రహాము తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

పొద్దు వాలుతుండగా హుమాయూన్ అనే కుర్రాడు పడవలో అన్నం పొట్లాలు, మంచినీళ్ల సీసాలు సర్దుతూ కనిపించాడు. మనిషి ఎక్కడానికి చోటు లేదు.

"అంకుల్, ఈ వీధులు మీకు తెలుసా? ఇదే ఆఖరి ట్రిప్పు. చీకటి పడితే తిప్పనివ్వరు. చర్చి వీధికి వెళ్లమంటారా, మసీదు వెనక వీధికి వెళ్లమంటారా? రెంటికీ సరిపోవు."

చర్చి వీధి అబ్రహాముదే. జుబియా నెంబరుకి చేశాడు. కలవలేదు. మళ్లీ చేశాడు. కలవలేదు.

పొట్లాల వంక చూశాడు. మాణిక్యం నిన్న చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. మసీదు వెనక ఇళ్లలో పెరళ్లు లేవు, పీపాలు లేవు. అక్కడంతా కూలికి పోయేవాళ్లే.

"మసీదు వెనక్కే వెళ్లు బాబూ," అన్నాడు. "మా వీధికి అక్కర్లేదు. అక్కడ అన్నీ ఉన్నాయి."

పడవ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. కాసేపటికి ఫోను మోగింది.

"ఎక్కడున్నారు?" మాణిక్యం గొంతు బాగా నీరసంగా ఉంది.

"నీళ్ల ఒడ్డునే ఉన్నాను. దిగనివ్వటం లేదు."

"దిగకండి. నా మీద ఒట్టు."

"దిగనులే. ఇందాక అన్నం పడవ మన వీధికి వస్తానంది. నేనే మసీదు వెనక్కి పంపించేశాను. మనకంటే వాళ్లకే అవసరం కదా. తప్పు చెయ్యలేదుగా?"

అవతల ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది.

"మాణిక్యం?"

"మంచి పని చేశారండీ," అంది ఆమె. "ఛార్జింగు అయిపోతోంది, ఉంటాను."

మాణిక్యం ఫోను జుబియాకి తిరిగిచ్చి, మేడ పిట్టగోడకి ఆనుకుని కూర్చుంది. పీపా, కోళ్లు, వరుగులు అన్నీ నిన్న తెల్లారేసరికే వరదలో కొట్టుకుపోయాయి.

ఆ మేడ మీద నిన్నటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు.