కుడి జేబు

"ఒక్క ఆట ఆడదామా అండీ?"

వీధిలోని చెస్ట్‌నట్ చెట్టు కింద నిలబడ్డ మోరీన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

అరవై ఏళ్లుంటాయేమో మనిషికి. మోకాళ్ల దాకా బురద, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు, మూడు రోజుల గడ్డం. చేతిలో రెండు బూటు తాళ్లు వేలాడుతున్నాయి. ఒక్కోదాని చివర ఒక్కో చెస్ట్‌నట్ గింజ.

"ఏం ఆట?"

"కాంకర్స్. మీ గింజని నేను కొడతా, నా గింజని మీరు కొట్టండి. ఎవరిది ముందు పగిలితే వాళ్లు ఓడినట్టు. మీకు తెలియదా ఏమిటి?"

తెలియకేం!

తొమ్మిదేళ్లప్పుడు, ఈ చెట్టు కిందే, ఒకే ఒక్క గింజతో ఇరవై ఏడు గింజలు పగలగొట్టిన పిల్ల తను. ఆ ఏడాది బళ్లో మగపిల్లలు మోరీన్ వస్తోందంటే గింజలు దాచేసుకునేవారు.

ఇప్పటికీ ఏటా అక్టోబరులో ఈ చెట్టు కింద దొరికిన మొదటి గింజ ఆమె కోటు కుడి జేబులోకి చేరాల్సిందే. చలికాలమంతా అక్కడే ఉంటుంది. బస్సు కోసం నిలబడ్డా, చర్చిలో ప్రసంగం వింటున్నా వేళ్లు దాన్ని నిమురుతూనే ఉంటాయి. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. చర్చి పూల కమిటీ కార్యదర్శి జేబులో గింజ పెట్టుకు తిరుగుతోందంటే ఊరు ఊరుకుంటుందా?

"నాకు పనుంది," అంది.

పని ఉన్నమాట నిజమే. చెట్టుకి జబ్బు చేసింది. బెరడులోంచి నల్లటి రసం కారుతోంది. కొట్టేయాలో, కొమ్మలు కోసి బతికించుకోవాలో తేల్చడానికి కౌన్సిల్ నుంచి చెట్ల అధికారి పదింటికి వస్తున్నాడు. మోరీన్ ఇంటింటికీ తిరిగి నలభై మూడు సంతకాలు పట్టుకొచ్చింది. ఆ అధికారికి చెప్పాల్సిన మాటలు మూడు రోజులుగా వంటింట్లో టీ కెటిల్‌కి అప్పజెబుతోంది.

ఇంకా ఐదు నిమిషాలుంది. ఆయన వచ్చేసరికి ఈ బురద మనిషి ఇక్కడ తాళ్లు ఊపుతూ కనిపిస్తే?

"ఇక్కడికి ఎవరైనా ఆడుకోడానికి వస్తారా?" చెట్టు మాను తడుముతూ అడిగాడతను.

"ఎవరూ రారు."

"పిల్లలు?"

"పిల్లలకి ఫోన్లున్నాయి."

బడి వదలగానే పిల్లలు వచ్చి టోపీల నిండా గింజలు ఏరుకుపోతారని ఆమెకి తెలుసు. ఆ మాట చెబితే ఇతను సాయంత్రం దాకా కదలడేమోనని భయం.

"పోనీ, మన ఈడువాళ్లు?"

"ఈ వయసులోనా! ఇది పరువుగల వీధండీ."

"మీరు చిన్నప్పుడైనా ఆడలేదా?"

"ఎప్పుడూ లేదు."

జేబులో గుప్పిట బిగుసుకుంది. అతను ఆ జేబు వైపు చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఒక్క దెబ్బండీ. ఎవరూ చూడటంలేదు."

మోరీన్ చెయ్యి నిజంగానే జేబులోంచి సగం బయటికొచ్చింది.

అప్పుడే రోడ్డు మీద నల్లకారు ఆగింది. అందులోంచి సూటు, టై, చంకలో ఫైలుతో ఒకాయన దిగాడు.

"వెళ్లండి ఇక్కణ్ణించి!" మోరీన్ గొంతు తగ్గించి కసిరింది. "గడ్డం నెరిసినా గింజలాటలేమిటి, సిగ్గులేదూ?"

అతని మొహంలో నవ్వు పోయింది.

"క్షమించండి. మీరు ఆడతారనుకున్నాను."

ఒక తాడు బెంచీ మీద ఉంచి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

మోరీన్ సూటు మనిషికి ఎదురెళ్లి, కెటిల్‌కి అప్పజెప్పిందంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పింది. ఆయన మర్యాదగా చివరిదాకా విన్నాడు.

"చాలా బాగా చెప్పారండీ. నేను ఇళ్లు అమ్మిపెడుతుంటాను. పన్నెండో నంబరు ఇల్లు ఎటువైపు?"

ఒంటిగంట దాకా చలిలో నిలబడింది. ఇంకెవరూ రాలేదు. వెళ్తూ వెళ్తూ, ఎవరైనా చూస్తే తనదే అనుకుంటారని, బెంచీ మీది తాడుని చెత్తడబ్బాలో పడేసింది.

అది శుక్రవారం.

సోమవారం పొద్దున్నే రంపాల మోత వినిపించింది. మోరీన్ సంతకాల కాగితాలు పట్టుకుని, ఇంట్లో చెప్పులతోనే పరుగెత్తింది. ఆమె చేరేసరికి చెట్టు నేలమీద ఉంది. గింజలు రోడ్డంతా దొర్లుతున్నాయి.

"అధికారి రానేలేదు! చూడకుండా ఎలా కొట్టేస్తారయ్యా?"

రంపం మేస్త్రి హెల్మెట్ తీశాడు.

"పెట్టిఫర్ గారా? ఎందుకు రాలేదు, శుక్రవారం పదింటికి వచ్చారుగా! చెట్టుని ముట్టుకుని చూడందే ఆయన సంతకం పెట్టరమ్మా."

"పదింటికా?"

"తుప్పల్లో దూరి చెట్టు వేళ్లు కూడా చూసుకుంటారు. ఆ బురద చూసి అధికారని ఎవరూ అనుకోరనుకోండి. పోయినేడు పక్కూళ్లో సగం చచ్చిన చెట్టుకి ఇనుప ఆసరాలు పెట్టించారు. ఎందుకో తెలుసా? ఎవరో ముసలాయన దాని కింద ఆయనతో ఒక్క ఆట ఆడాడట! ఒక్కరికి కావాలన్నా చాలు, పైవాళ్లతో పోట్లాడేస్తారు. ఇక్కడెవరూ లేరనుకుంటా పాపం."

మోరీన్ మేస్త్రి మొహంలోకి చూడలేకపోయింది. సంతకాల కాగితాలు మడిచి వెనక్కి దాచుకుంది.

"కావాలంటే మీరే చూడండి," అంటూ అతను ఆర్డరు చేతికిచ్చాడు.

కారణం రాయాల్సిన గడిలో, ఓ బురద వేలిముద్ర పక్కన, నీలి సిరాతో రాసి ఉంది: "ఇక్కడ ఎవరూ ఆడరని ఈ వీధి ఆవిడే చెప్పారు, ఆవిడ కుడి జేబులో గింజ ఉందనుకున్నాను, పొరబడ్డాను."